ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జారుతుంటే: ఎస్‌యూవీలో లోపాన్ని పట్టుకునే క్రమం, బాగుచేసే విధానం

ఇంటిల్లిపాదీ ఎక్కిన ఎస్‌యూవీ ఒక ఎత్తు ఎక్కుతోంది. యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కగానే ఇంజిన్ మోత పెరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు రెండు వేల నుంచి మూడున్నర వేలకు లేస్తుంది, వేగం చూపే ముల్లు మాత్రం కదలదు. ఒకటి రెండు క్షణాల తరువాత గేరు పట్టుకుని బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. "రేస్ పెరుగుతోంది కానీ బండి లాగడం లేదు" అని డ్రైవర్లు చెప్పేది దీని గురించే. గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందని, అంటే లోపల పట్టు జారుతోందని, దీని అర్థం.

జారేది ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ప్లానెటరీ గేర్ల (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక) పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి కాబట్టి అవి జారే అవకాశం లేదు. ఏ చక్రం తిరగాలో, ఏది ఆగి ఉండాలో నిర్ణయించేవి నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల కట్టలు. పంపు పుట్టించిన ఆయిల్ ఒత్తిడి ఒక పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ ఆ ప్లేట్లను ఒకదానికొకటి అదుముతుంది, అప్పుడు గేరు పడుతుంది. కాబట్టి పట్టు జారడానికి మూలకారణాలు మూడే: అదమడానికి తగిన ఒత్తిడి లేకపోవడం, ఒత్తిడి ఉన్నా అది సరైన సమయానికి సరైన క్లచ్‌కు చేరకపోవడం, రెండూ సరిగా ఉన్నా ప్లేట్ల పైపూత అరిగిపోవడమో మాడిపోవడమో జరగడం. వీటిలో ఏదో తేలకుండా గేర్‌బాక్స్‌ను దించకూడదన్నది ఈ వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పదలచిన మాట. మొదటి రెండు కారణాలకు మరమ్మతు చాలాసార్లు బండి కింద పడుకునే పూర్తవుతుంది. మూడోదానికి మాత్రమే మొత్తం విప్పవలసి వస్తుంది.

వెంటనే చేయవలసినది

జారుతున్న బండిని నడపడం ఆపాలి. క్లచ్ ప్లేట్ల మీద ఉండేది కాగితపు జాతికి చెందిన పలుచని పొర, దానిని ఉక్కు రేకుకు జిగురుతో అంటిస్తారు. పట్టు జారిన ప్రతిసారీ ఆ పొర దగ్గర తీవ్రమైన వేడి పుడుతుంది, పొర మాడి రజనుగా రాలి ఆయిల్‌లో కలుస్తుంది, ఆ రజను వాల్వుల సన్నని దారుల్లో చేరి వాటి కదలికను బిగపడుతుంది, దానితో ఒత్తిడి ఇంకా తగ్గి జారడం ఇంకా పెరుగుతుంది. ఆయిల్ తక్కువై మొదలైన చిన్న లోపం కొద్ది రోజుల్లోనే మొత్తం విప్పవలసిన పెద్ద లోపంగా మారేది ఈ దారిలోనే. బండిని తరలించవలసి వస్తే, ముఖ్యంగా నాలుగు చక్రాలకూ శక్తి అందే ఎస్‌యూవీ అయితే, నాలుగు చక్రాలూ నేలను తాకకుండా లారీ మీద ఎక్కించి తీసుకువెళ్లాలి. రెండు చక్రాలను లేపి మిగతా రెండింటి మీద లాగితే పంపు తిరగని గేర్‌బాక్స్‌లో భాగాలు ఆయిల్ అందకుండా తిరుగుతాయి.

అది నిజంగా జారడమేనా

జారుడులా కనిపించే ఇతర లోపాలు చాలా ఉన్నాయి, వాటిని మొదట వేరు చేయాలి. ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోతే బండి లాగదు, కానీ అప్పుడు ఆర్‌పీఎం పెరగదు, పైగా వణుకుతూ పడిపోతుంది. జారుడులో ఆర్‌పీఎం తేలికగా, అడ్డూ అదుపూ లేకుండా లేస్తుంది. స్థిరమైన వేగంలో మెల్లగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గతుకుల రోడ్డు మీద పోతున్నట్లు బండి సన్నగా అదిరితే, అది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లోపల ఉండే లాకప్ క్లచ్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే క్లచ్) సంగతి కావచ్చు. యాక్సిలరేటర్‌ను అలాగే ఉంచి బ్రేక్ పెడల్‌ను ఎడమ కాలితో లైటు వెలిగేంత మాత్రమే తాకి చూడాలి. లాకప్ విడిపోయి అదురు వెంటనే ఆగిపోతే అనుమానం దాదాపు తీరినట్లే. ఈ పరీక్ష వెనుక వాహనాలు లేని ఖాళీ రోడ్డు మీదే చేయాలి.

బండిలో ఉన్నది సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తి నిరంతరం మారే గేర్‌బాక్స్) అయితే వేగం కంటే ముందు ఆర్‌పీఎం పెరగడం కొంతవరకు దాని సహజ లక్షణం. ఇక్కడ చెప్పేవి టార్క్ కన్వర్టర్, క్లచ్ ప్లేట్ల కట్టలు ఉన్న మామూలు ఆటోమేటిక్‌కు సంబంధించినవి. సీవీటీకి, రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కు కారణాలూ మరమ్మతులూ వేరు.

ఎస్‌యూవీలకే ప్రత్యేకమైన ఒక పొరపాటు గురించి చెప్పాలి. సస్పెన్షన్ పనో బేరింగ్ పనో చేసిన తరువాత యాక్సిల్ షాఫ్ట్ లోపలి కొస పూర్తిగా కూర్చోకపోయినా, దాని గాడులు అరిగిపోయినా, ఇంజిన్ ఎంత తిరిగినా బండి కదలదు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) ఉన్న బండిలో అది న్యూట్రల్‌లో ఉండిపోయినా సరిగ్గా అంతే జరుగుతుంది. గేర్‌బాక్స్‌ను తప్పుపట్టే ముందు బండిని స్టాండ్ల మీద నిలిపి షాఫ్టులను ఒకసారి చేత్తో పట్టుకుని తిప్పి చూస్తే, లేని రోగానికి పెద్ద ఆపరేషన్ చేసే ప్రమాదం తప్పుతుంది.

తరువాత, ఎప్పుడు ఏ గేరులో జారుతోందో కాగితం మీద రాసుకోవాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం రోగనిర్ధారణ ఇందులోనే ఉంది. అన్ని గేర్లలోనూ జారితే ఆయిల్ తక్కువ కావడం, ఫిల్టర్ మూసుకుపోవడం, పంపు లేదా ప్రధాన ఒత్తిడి వాల్వు, టార్క్ కన్వర్టర్, వీటిలో ఒకటి. కొన్ని గేర్లలోనే జారితే ఆ గేర్లన్నింటికీ ఉమ్మడిగా ఉన్న క్లచ్ ఏదో చూడాలి. సర్వీస్ మాన్యువల్‌లో ఏ గేరులో ఏ క్లచ్ పనిచేస్తుందో చూపే పట్టిక ఉంటుంది. ఉదాహరణకు ఆరు గేర్ల గేర్‌బాక్స్‌లలో 3, 5, రివర్స్ మూడింటికీ ఒకే క్లచ్ పట్టే నిర్మాణం తరచుగా కనిపిస్తుంది. ఆ మూడూ జారుతూ 1, 2, 4, 6 బాగా పట్టుకుంటుంటే లోపం పంపులో కాదు, ఆ ఒక్క క్లచ్‌లో, దాని సీళ్లలో, లేదా దానికి ఆయిల్ పంపే సోలనాయిడ్‌లో (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉందని ఇంట్లో కూర్చునే చెప్పవచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారితే, పలుచబడిన ఆయిల్ ఎక్కడో లోలోపల తప్పించుకుపోతోందని అనుమానించాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు జారి వేడెక్కాక సర్దుకుంటే రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయన్న అనుమానం బలపడుతుంది.

ఆయిల్ చెప్పే సంగతులు

బండిని సమతలం మీద నిలిపి, గేర్‌బాక్స్ పనిచేసే వేడికి వచ్చాక, బ్రేక్ తొక్కిపెట్టి లివర్‌ను అన్ని స్థానాల్లోకి ఒకసారి మెల్లగా తిప్పి పార్క్‌లోకి తేవాలి. చాలా బండ్లలో ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడాలి. కొన్ని తయారీదార్లు ఇంజిన్ ఆపిన వెంటనే చూడమంటారు కాబట్టి యజమాని పుస్తకాన్ని తప్పక చూసుకోవాలి. ఇటీవలి ఎస్‌యూవీలలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండనే ఉండదు. వాటిలో గేర్‌బాక్స్ పక్కన గాని అడుగున గాని పొర్లే ప్లగ్ ఒకటి ఉంటుంది. ఆయిల్ మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రతలో, ఎక్కువ మోడళ్లలో 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, ఉన్నప్పుడు ఇంజిన్ నడుస్తుండగా ఆ ప్లగ్ విప్పితే సన్నని ధారగా కారి చుక్కలుగా మారాలి. ఏమీ రాకపోతే ఆయిల్ తక్కువ ఉన్నట్లు. అంతకంటే వేడిగా ఉన్నప్పుడు చూస్తే వ్యాకోచించిన ఆయిల్ వల్ల తక్కువ ఉన్నా సరిపోయినట్లు కనిపిస్తుంది. అందుకే ఈ పనికి, బండి కంప్యూటర్‌కు తగిలించి ఆయిల్ ఉష్ణోగ్రత చూసే స్కానర్ చేతిలో ఉండాలి.

డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్లని గుడ్డ మీద అద్ది పగటి వెలుతురులో చూడాలి. కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సాధారణంగా ఎర్రగా, అవతలి వెలుతురు కనిపించేలా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగితే వయసు మీదపడినట్లు, అది ఒక్కటే ఆందోళన పడవలసిన విషయం కాదు. నల్లబడి, మాడిన వాసన వేస్తూ, వేళ్ల మధ్య రుద్దితే సన్నని రజను తగిలితే ప్లేట్ల పొర రాలుతోందని అర్థం. పాలు కలిపిన స్ట్రాబెర్రీ రసంలా లేత గులాబీ రంగులో చిక్కగా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. అది అన్నిటికంటే చెడ్డ వార్త, ఎందుకంటే నీరూ గ్లైకాలూ ప్లేట్ల పొరను, దాని జిగురును వదులు చేస్తాయి. అప్పుడు ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

ఆయిల్ తక్కువ ఉంటే అది ఎక్కడికి పోయిందో కనిపెట్టకుండా నింపి వదిలేయకూడదు. యాక్సిల్ సీళ్లు, ఛాంబర్ (గేర్‌బాక్స్ అడుగు తొట్టి) గ్యాస్కెట్, కూలర్‌కు వెళ్లే గొట్టాల అతుకులు, ముందు భాగంలో ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌కు మధ్య సందు, ఇవి వరుసగా చూడవలసిన చోట్లు. మా ఏడు సీట్ల బండిలో మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఎగరడం మొదలైనప్పుడు, కూలర్ గొట్టం ఇనుప బిగింపు దగ్గర దుమ్ము పట్టిన తడి మరక నాకు కనిపించింది. ఆయిల్ నింపితే రెండు రోజులు బాగానే ఉంది కదా అని గొట్టం మార్చడం వాయిదా వేశాను. మూడు వారాల తరువాత గొట్టం మార్చి ఆయిల్ సరిచేసినా ఆ ఎగరడం పూర్తిగా పోలేదు. అప్పటికే ఆ క్లచ్ మాడింది. మొదటి రోజే గొట్టం మార్చి ఉంటే తరువాతి ఖర్చంతా తప్పేది.

ఏ ఆయిల్ పోయాలన్నది అభిప్రాయాల విషయం కాదు. డెక్స్రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టొయోటా డబ్ల్యూఎస్, ఏటీఎఫ్ ప్లస్ 4, హోండా డీడబ్ల్యూ-1, ఎస్‌పీ-4 అని రకరకాల ప్రమాణాలున్నాయి. వాటి చిక్కదనం, క్లచ్ ప్లేట్లతో అవి చూపే ఘర్షణ గుణం ఒకటి కావు. యజమాని పుస్తకంలో రాసిన ప్రమాణానికి సరిపోయేదే పోయాలి. మట్టం దాటి ఎక్కువ పోయడం కూడా తప్పే. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తే పంపు గాలితో కలిసిన ఆయిల్‌ను పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, ఏ లోపం పోవాలని ఆయిల్ పోశామో ఆ లోపమే మళ్లీ కనిపిస్తుంది.

స్కానర్‌లో చూడవలసిన అంకెలు

ఆయిల్ మట్టం సరిగ్గా ఉండి కూడా జారుతుంటే ఓబీడీ స్కానర్ తగిలించాలి. సాధారణ ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే పరికరం సరిపోదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడగలిగేది కావాలి. పి0700 కనిపిస్తే అది లోపం పేరు కాదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకొక కోడ్ నమోదై ఉందని తెలిపే సూచన మాత్రమే. పి0730 అంటే గేరు నిష్పత్తి (లోపలికి వచ్చే వేగం బయటి వేగానికి ఎన్ని రెట్లో చెప్పేది) తప్పిందని, పి0731 నుంచి పి0735 వరకు వరుసగా ఒకటి నుంచి అయిదో గేరు వరకు నిష్పత్తి సరిపోవడం లేదని, పి0741 అంటే లాకప్ క్లచ్ పట్టడం లేదని, పి0715 అంటే లోపలికి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్ వలయంలో లోపమని. కోడ్‌లను చెరిపే ముందు, అవి నమోదైన క్షణంలో ఉన్న వేగం, ఉష్ణోగ్రత, గేరు వివరాలను రాసుకోవాలి. చెరిపితే అవి కూడా పోతాయి.

కోడ్ కంటే విలువైనవి బండి నడుస్తుండగా కనిపించే అంకెలు. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవారు స్క్రీన్ చూడాలి. ఇంజిన్ వేగం, టర్బైన్ అంటే గేర్‌బాక్స్‌లోకి వస్తున్న వేగం, బయటికి పోతున్న వేగం, కంప్యూటర్ అడిగిన గేరు, ఈ నాలుగూ కావాలి. మాన్యువల్‌లో మూడో గేరు నిష్పత్తి 1.50 అని ఉందనుకుందాం. బయటి వేగం 1,600 ఆర్‌పీఎం ఉంటే టర్బైన్ వేగం 2,400 ఆర్‌పీఎం ఉండాలి. స్క్రీన్ మీద 2,900 కనిపిస్తే మూడో గేరు క్లచ్‌లలో ఏదో జారుతోందని తేలిపోయింది. అలా కాక టర్బైన్ సరిగ్గా 2,400 దగ్గరే ఉండి ఇంజిన్ మాత్రం 2,900 తిరుగుతుంటే, ఆ తేడా టార్క్ కన్వర్టర్‌లో ఉంది. లాకప్ విడిగా ఉన్నప్పుడు అటువంటి తేడా సహజం. లాకప్ పట్టమని ఆదేశం ఉన్నా తేడా వందల్లో ఉంటే మాత్రం లాకప్ క్లచ్‌ను అనుమానించాలి. కొన్ని బండ్లు లాకప్‌లో కూడా కావాలనే కొద్దిపాటి జారుడును అట్టిపెడతాయి కాబట్టి పదుల్లో కనిపించే తేడాను చూసి కంగారు పడనక్కరలేదు.

బ్రేక్ అదిమిపట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే స్టాల్ పరీక్ష గురించి చాలామంది చెబుతారు. జారుతున్న గేర్‌బాక్స్‌కు ఆ పరీక్ష పట్టే అయిదు సెకన్లే చాలా ఎక్కువ. స్కానర్ అంకెలు ఉన్నప్పుడు ఆ పరీక్షను నేను సమర్థించను. ఒత్తిడి కొలిచే గేజీని గేర్‌బాక్స్ మీది పరీక్ష ప్లగ్‌కు బిగించి మాన్యువల్ చెప్పిన విలువతో పోల్చడం మాత్రం మంచి పరీక్ష. ఒత్తిడి తక్కువైతే పంపు, ఫిల్టర్, ఒత్తిడి వాల్వుల వైపు చూడాలి. ఒత్తిడి సరిగ్గా ఉండి ఒక్క గేరే జారితే ఆ క్లచ్ వైపు చూడాలి.

వైరింగ్, సోలనాయిడ్లు

బ్యాటరీ వోల్టేజీని, గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ తీగను మొదట చూడాలి. తరువాత గేర్‌బాక్స్ ప్రధాన కనెక్టర్‌ను విప్పి పిన్నుల మధ్య ఆయిల్ తడి ఉందేమో చూడాలి. లోపలి ఆయిల్ తీగల వెంట పాకుతూ కనెక్టర్‌లోకి చేరడం అరుదైన సంగతి కాదు. సోలనాయిడ్ల రెసిస్టెన్స్‌ను కనెక్టర్ దగ్గరే మల్టీమీటర్‌తో కొలవవచ్చు. గేరు మార్చే ఆన్-ఆఫ్ సోలనాయిడ్లు చాలావరకు 10 నుంచి 30 ఓమ్‌ల మధ్య, ఒత్తిడిని నియంత్రించేవి సుమారు 5 ఓమ్‌ల దగ్గర చూపుతాయి. ఖచ్చితమైన విలువ మాన్యువల్‌లో ఉంటుంది. అయితే రెసిస్టెన్స్ సరిగ్గా ఉన్నంత మాత్రాన సోలనాయిడ్ బాగున్నట్లు కాదు. తీగచుట్ట బాగుండి లోపలి ముల్లు రజనుతో బిగుసుకుపోయి ఉండవచ్చు.

ఛాంబర్ విప్పడం

ఛాంబర్ అని మెకానిక్‌లు పిలిచే అడుగు తొట్టిని విప్పితే చాలా సంగతులు బయటపడతాయి. బండిని గట్టి నేల మీద, చక్రాలకు అడ్డలు పెట్టి, స్టాండ్ల మీద సమంగా నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. నడిపి వచ్చిన వెంటనే అయితే అది చేతిని కాల్చేంత వేడిగా ఉంటుంది. నింపే ప్లగ్ వదులవుతుందని నిర్ధారించుకున్నాకే దించే ప్లగ్ విప్పాలి. ఈ వరుస తప్పితే బిగుసుకుపోయిన నింపే ప్లగ్‌తో, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే నిలిచిపోతుంది.

తొట్టి అడుగున ఉన్న అయస్కాంతాన్ని తీసి వేలితో తుడవాలి. దాని మీద బూడిదరంగు మెత్తని ముద్ద, కాటుకంత నున్నగా, ఉండడం సహజం. అది మామూలు అరుగుదలే. గోటికి తగిలే పలుకులు, మెరిసే తునకలు ఉంటే బేరింగో గేరో చెడుతోంది. పసుపుపచ్చని లోహపు పొడి బుష్‌ల నుంచి వస్తుంది, అది అయస్కాంతానికి అంటదు కాబట్టి తొట్టి అడుగున వెతకాలి. తొట్టి నిండా నల్లని మడ్డి, మాడిన పొర ముక్కలు ఉంటే ఏ ఆయిల్ మార్పూ ఆ క్లచ్‌ను తిరిగి బతికించదు, నేరుగా ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) గురించి ఆలోచించాలి.

తొట్టి శుభ్రంగా ఉంటే ఫిల్టర్, గ్యాస్కెట్ మార్చి ఆయిల్ నింపాలి. తొట్టి బోల్టులు చాలా గేర్‌బాక్స్‌లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే బిగించవలసినవి. పానాను బలంగా లాగితే అల్యూమినియంలోని మరలు ఊడివస్తాయి. దించినప్పుడు మొత్తం ఆయిల్ రాదు, టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో చాలా మిగిలిపోతుంది. మొత్తం 9 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో ఒకసారికి 4 లీటర్లు దిగితే, మొదటి మార్పు తరువాత పాత ఆయిల్ 56 శాతం, రెండోసారికి 31, మూడోసారికి 17 శాతం మిగులుతుంది. మధ్యలో కొంతదూరం నడిపి ఇలా రెండు మూడు విడతలుగా మార్చడమే నాకు నచ్చిన పద్ధతి. ఎంత ఆయిల్ దిగిందో కొలిచి, అంతే తిరిగి పోసి, పైన చెప్పినట్లు ఉష్ణోగ్రత చూసి మట్టం సరిచేయాలి.

ఇప్పటికీ ఒకే గేరు దగ్గర తటపటాయింపు ఉంటే, తొట్టి విప్పగానే ఎదురుగా కనిపించే వాల్వ్ బాడీ (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వులున్న దిమ్మ) వంతు వస్తుంది. చాలా ఎస్‌యూవీలలో గేర్‌బాక్స్ దించకుండానే దీనిని తీయవచ్చు. బోల్టులు వేర్వేరు పొడవులు ఉంటాయి కాబట్టి అట్టముక్క మీద వాటి స్థానాలు గీసి గుచ్చుకుంటూ పోవాలి. విప్పిన వాల్వులు వాటి రంధ్రాల్లో సొంత బరువుతోనే జారాలి. వాల్వు కదిలే రంధ్రం అరిగితే శుభ్రం చేసి లాభం లేదు, సరిచేసిన వాల్వ్ బాడీని వేయాలి. దుమ్ము ఎగిరే చోట, నూలుపోగులు రాలే గుడ్డలతో ఈ పని చేయడం కంటే చేయకపోవడమే మేలు.

గేర్‌బాక్స్ దించవలసి వస్తే

ప్లేట్లు మాడినట్లు తేలాక ఓవర్‌హాల్ తప్పదు. ఎస్‌యూవీ గేర్‌బాక్స్ మనిషి మోయగల బరువు కాదు. దానికి తగిన జాకీ, లిఫ్టు, అనుభవం లేని చోట ఈ పనికి పూనుకోకూడదు. అయితే చేయించేవారు ఏం అడగాలో తెలిసి ఉండాలి. మాడిన క్లచ్ ఒక్కటే కాక అన్ని ఘర్షణ ప్లేట్లు, రబ్బరు సీళ్లు, సీలింగ్ రింగులు మారాలి. అది ఎందుకు మాడిందో, అంటే ఏ సీల్ చిరిగిందో, ఏ వాల్వు అంటుకుందో, వారు చూపించగలగాలి. కారణం చూపని ఓవర్‌హాల్ తరువాత అదే క్లచ్ మళ్లీ మాడుతుంది. కొత్త ప్లేట్లను అదే ఏటీఎఫ్‌లో మాన్యువల్ చెప్పినంతసేపు నానబెట్టాలి, ప్రతి కట్ట సందునూ ఫీలర్ గేజీతో కొలవాలి. బిగించే ముందు ఒక్కో క్లచ్ దారిలోకి గాలి వదిలితే పిస్టన్ "టప్" మని గట్టిగా కదిలిన చప్పుడు రావాలి. బుస్సుమని గాలి కారిన చప్పుడు వస్తే సీల్ సరిగా కూర్చోలేదు.

టార్క్ కన్వర్టర్‌ను కూడా మార్చాలి లేదా విప్పి బాగుచేయించాలి, ఎందుకంటే పాత రజనంతా అందులోనే పేరుకుని ఉంటుంది. కూలర్ సంగతీ అంతే. లోపలి సన్నని దారులు కడిగినా పూర్తిగా శుభ్రపడవు కాబట్టి మార్చడమే సురక్షితం. కన్వర్టర్‌ను తిప్పుతూ నెట్టితే రెండు మూడు మెట్లుగా లోపలికి దిగి పంపును పట్టుకుంటుంది. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపేటప్పుడు రెండు ముఖాలూ చేతి బలంతోనే కలవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి కలపకూడదు, అలా లాగితే మొదటి స్టార్ట్‌లోనే పంపు పగులుతుంది.

బిగింపు పూర్తయ్యాక కంప్యూటర్ నేర్చుకుని దాచుకున్న పాత విలువలను స్కానర్‌తో చెరపాలి. అరిగిన క్లచ్‌కు అలవాటు పడిన కంప్యూటర్ కొత్త క్లచ్‌కు కూడా అదే ఒత్తిడి పంపితే గేర్లు కుదుపుతో పడతాయి. తరువాత మాన్యువల్‌లో చెప్పిన విధంగా, తేలికపాటి త్రాటిల్‌తో, అన్ని గేర్లు చాలాసార్లు మారేలా నడపాలి. మొదటి ప్రయాణంలో అవే నాలుగు అంకెలను మళ్లీ చూసి, ప్రతి గేరులోనూ టర్బైన్ వేగాన్ని బయటి వేగంతో భాగిస్తే మాన్యువల్‌లోని నిష్పత్తి వస్తోందని రాసుకోవాలి. సుమారు 500 కిలోమీటర్ల తరువాత బండిని మళ్లీ సమతలం మీద నిలిపి ఆయిల్ మట్టాన్ని, సీళ్లను, కూలర్ గొట్టాల అతుకులను టార్చి వెలుగులో పరిశీలించాలి.